మూడో ప్రకటన

ఈ వారం పుట్టినరోజులున్నవాళ్లు ముందుకు రండని పాస్టరుగారు పిలవగానే హిందీవాళ్ల ఆ కార్ఖానాల ఊళ్లో ఉన్న చిన్న తెలుగు చర్చిలో అందరికీ ఒక్కసారిగా కీర్తనల పుస్తకంతో పని పడింది. ఆవేళ అక్టోబరు పంతొమ్మిది. తొమ్మిదేళ్లుగా ఆ తేదీకి దగ్గరపడిన ఆదివారం ఇదే తంతు. జయకుమారి లేస్తుంది, కుచ్చిళ్లు సర్దుకుంటుంది, ఆడవాళ్ల బెంచీల మధ్యనుంచి నడిచి వెళ్లి పిల్లల పక్కన నిలబడుతుంది. చూడనట్టుండటానికి జనం పడే పాట్లు చూసి తీరాలి. దగ్గు రానివాళ్లకి దగ్గొస్తుంది. ఏడాది పొడుగునా మసకగా ఉన్న కళ్లజోళ్లు ఆ రెండు నిమిషాల్లోనే తుడుపుకి నోచుకుంటాయి.

పుట్టినరోజు ఆమెది కాదు, చెల్లెలు సుకీర్తిది. సుకీర్తి కనపడకుండా పోయి వచ్చే నెలకి తొమ్మిదేళ్లు నిండుతాయి.

పాస్టరుగారు ఆంధ్రానుంచి కొత్తగా వచ్చినవాడు, కుర్రవాడు. మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "మీ పుట్టినరోజా అమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"మా చెల్లిదండి. పేరు సుకీర్తి. ముప్పై మూడు నిండినాయి. గట్టిగా సెప్పండి, ఎనకాల బెంచీ వరకూ వినపడాల."

పాస్టరుగారు ముందు బెంచీ వైపు చూశాడు. అక్కడ సంఘ పెద్ద కృపాదానం కూర్చుని ఉన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, జయకుమారికీ సుకీర్తికీ తండ్రి. ఆయన తలెత్తి ఫ్యాను వైపు చూస్తున్నాడు. ఫ్యాను తిరగడం లేదు. పాస్టరుగారు సుకీర్తి పేరు గొంతులోనే నలిపి, గబగబా ప్రార్థన ముగించాడు.

సంఘంలో ఎవరికీ జయకుమారి మీద కోపం లేదు. అందరికీ జాలే. ఆ జాలంటేనే ఆమెకి ఒళ్లు మంట. జాలి పడేవాళ్లు పని చెయ్యరని ఆమె లెక్క. టెల్కో కాలనీలో ఒక బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుంది కాబట్టి తప్పు లెక్క కనపడితే పెళ్లి విందులో కూర్చున్నా వదలదు. చెల్లెలి సంగతి ఎవరో తప్పు చేసి వదిలేసిన లెక్క. ఆ ఎవరిలో తానూ ఉంది. అది ఆమెకీ ఆమె తండ్రికీ తప్ప మూడో మనిషికి తెలీదు.

దీపావళి అయిన మూడో రోజు కోర్టునుంచి నోటీసు వచ్చింది. సుకీర్తి ఆచూకీ దొరకలేదనీ, ఆమె తన ఇష్టంతోనే ఎక్కడికో వెళ్లిందని తేలిందనీ, కేసు మూసేస్తామని పోలీసులు రాసిచ్చారు. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి ఏమైనా అభ్యంతరం ఉంటే నవంబరు పన్నెండున హాజరై చెప్పుకోవచ్చు. జయకుమారి ఆ కాయితం పట్టుకుని లాయరు అనిత దగ్గరికి పోయింది. అనితవాళ్లు ఒడిశా సరిహద్దునుంచి వచ్చిన తెలుగువాళ్లే. పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది కాబట్టి తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది.

పోలీసుల రిపోర్టు నకలు అప్పటికే తెప్పించి ఉంచింది అనిత. జయకుమారి సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి, వరసన చదువుతూ అబద్ధం ఉన్న ప్రతి చోటా పక్కన ఒక గీత పెట్టుకుంటూ పోయింది. ఎర్ర గీత సుకీర్తి అలవాటు. ఊరి అంచున గమ్హరియాలో ఒక చిన్న కార్ఖానాలో ట్రక్కులకి వేసే పిన్నులు గేజీ పెట్టి కొలవడం ఆమె పని. కొలత తప్పిన పిన్ను మీద ఎర్ర పెయింటు చుక్క పెట్టి పక్కన పడేసేది. ఆ ఎరుపు గోళ్లకి అంటుకుని పోయేది కాదు. ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి గోళ్ల రంగుతో వస్తావా అని నాన్న ఒకసారి కేకలేస్తే, "ఇది రంగు కాదు నాన్నా, నా డ్యూటీ" అంది.

నాలుగో పేజీ దగ్గర ఎర్ర పెన్ను ఆగిపోయింది.

"దీదీ, యహీ తో ముష్కిల్ హై," అంది అనిత ఆ పేజీ మీద వేలు పెట్టి. చిక్కంతా ఇక్కడే ఉందని.

ఆ పేజీలో ఉన్నది ఇది. చర్చి పెళ్లి ప్రకటనల పుస్తకంలో అమ్మాయి తండ్రి స్వయంగా రాసి సంతకం చేసిన ప్రకారం, నవంబరు ఇరవై ఆదివారం నాటికి అమ్మాయి పలాసలో మేనత్త ఇంట్లో ఉంది. కాబట్టి అంతకు మూడు రోజుల ముందు, గురువారం, గమ్హరియాలో తప్పిపోయిందన్న మాట నమ్మదగింది కాదు.

"పలాస అత్త వచ్చి చెప్పొచ్చుగా, రాలేదని?" అని హిందీలోనే అడిగింది అనిత.

"కరోనాలో పోనాది. బతికున్నప్పుడు ఆవిడని ఎవులూ అడగనేదు."

"మరి ఆ మాట మీ నాన్నగారెందుకు రాశారు?"

జయకుమారి పెన్నుకి మూత పెట్టింది. తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అంత సూటిగా అడగలేదు. చెప్పడం మొదలుపెట్టింది.

ఆ సంఘంలో పెళ్లంటే అంతకు ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానా అమ్మాయికీ ఫలానా అబ్బాయికీ పెళ్లి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అని. ఆ మూడు ఆదివారాలూ పెళ్లికూతురూ పెళ్లికొడుకూ చర్చిలో ఉండాలి. లేకపోతే ఎందుకు లేరో పుస్తకంలో రాయాలి. సుకీర్తికి అగస్టిన్‌తో నిశ్చయమైంది. రెండు ప్రకటనలు అయ్యాయి. మూడోది ఇరవయ్యో తారీకు ఆదివారం. పదిహేడు గురువారం సాయంత్రం అయిదున్నరకి కార్ఖానా గేటు దాటిన సుకీర్తి ఇంటికి రాలేదు.

శుక్రవారం పొద్దున్నే జయకుమారి ఠాణాకి వెళ్దామంది. కృపాదానం గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. పెళ్లి పది రోజుల్లో పెట్టుకుని ఠాణా మెట్లెక్కితే ఇంక ఆ పిల్లని ఎవడు చేసుకుంటాడన్నాడు. ఏ స్నేహితురాలి ఇంటికో పోయుంటుంది, అలిగిందేమో, రేపటికి వచ్చేస్తుంది అన్నాడు. అడిగినవాళ్లకి పలాస అత్తకి ఒంట్లో బాగులేదు, చూడటానికి వెళ్లిందని చెప్పమన్నాడు. చెప్పింది. ఆ మధ్యాహ్నం అగస్టిన్ ఫోను చేసి సుకీర్తి ఫోను కలవడం లేదేమని అడిగితే, "పలాసెల్లింది బాబూ, ఊర్లో సిగ్నలుండదు" అని నోరారా అబద్ధం ఆడింది. శనివారం సుకీర్తి రాలేదు. ఆదివారం అప్పటి పాస్టరుగారు ఊళ్లో లేరు. మూడో ప్రకటన సంఘ పెద్దే చదవాల్సి వచ్చింది. కనపడకుండా పోయిన కూతురి పెళ్లి ప్రకటన కన్నతండ్రే, పుస్తకంలో పలాస అని రాసి, గొంతు వణక్కుండా చదివాడు. అభ్యంతరమేదైనా ఉంటే చెప్పండని అడిగి, అలవాటు ప్రకారం మూడు లెక్కపెట్టేంతసేపు ఆగాడు. జయకుమారి బెంచీలో కూర్చుని ఉంది. ఆ మూడూ ఆమె కూడా లెక్కపెట్టింది. లేవలేదు.

సోమవారం ఠాణాకి వెళ్తే పెద్ద ఇన్‌స్పెక్టరు, "నాలుగు రోజులు ఏం చేశారు, లడ్డూలు చుట్టారా?" అన్నాడు.

అవి పెద్ద నోట్లు రద్దయిన రోజులు. గమ్హరియాలో సుకీర్తి ఇంటికి టెంపో ఎక్కే మలుపు దగ్గరే ఏటీఎం ఉంది. దాని ముందు పొద్దుటినుంచి సాయంత్రం దాకా రోజూ అదే మనుషులు వరసకట్టి నిలబడేవారు. గురువారం నిలబడ్డవాళ్లే శుక్రవారమూ నిలబడ్డారు. శుక్రవారం వెళ్లి అడిగి ఉంటే ఆ వందమందిలో ఒక్కరైనా ఆ పిల్ల ఏ బండెక్కిందో చెప్పేవారు. సోమవారానికి మెషిన్ ఖాళీ అయి షట్టరు పడింది, వరస చెదిరిపోయింది. కెమెరాలో బొమ్మ అడగడానికి పోలీసులకి తీరిక లేదు. పలాసలో ఉన్న పిల్లకి గమ్హరియా కెమెరాతో ఏం పనని వాళ్ల వాదన.

అంతా విని అనిత రిపోర్టు మడిచింది. ఆ తర్వాత చెప్పింది ఇంతే: మీరు ఫిర్యాదీ, మీ మాట ఒక్కటీ చాలదు. రాసిన చెయ్యి మీ నాన్నగారిది. రాసినాయనే వచ్చి అది అబద్ధమని చెప్పాలి. లేకపోతే ఆ రోజుతో ఫైలు మూతపడుతుంది. మూతపడ్డాక సుకీర్తి కోసం ఈ భూమ్మీద ఎవరూ వెతకరు.

ఛఠ్ పండగ సెలవుల్లో ఒక మధ్యాహ్నం జయకుమారి ఇంట్లో ఆ మాట ఎత్తుదామని కూర్చుంది. కృపాదానం ఆటోస్టాండులో టెంపో కోసం నిలబడినా సరే ఇస్త్రీ చొక్కా నలగనివ్వని మనిషి. ట్రక్కుల కార్ఖానాలో రిటైరై పద్దెనిమిదేళ్లయినా పన్నెండు కొట్టేసరికి కంచం ముందుండాలి. ఆవేళ అన్నం తినేసి, బల్ల దగ్గర కూర్చుని, తెల్లకాయితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఏదో రాస్తున్నాడు. నవంబరు మొదటి ఆదివారం చనిపోయినవారి జ్ఞాపకార్థ ఆరాధన. పేర్లు రాసేదీ చదివేదీ ఆయనే. జయకుమారి మంచినీళ్లు పెట్టబోయి కాయితం మీదికి వంగింది. పదకొండో పేరు మీద వేలు పెట్టింది.

"ఏటిది నాన్నా?"

"కనబడతంది గదా. జ్ఞాపకార్థం జాబితా."

"మన గుంట సుకీర్తి పేరు ఇందులోకెందుకొచ్చింది?"

"తొమ్మిదేళ్లయింది జయా. ఎక్కడున్నా ప్రభువు కాడే ఉంటాది. ఒక కొవ్వొత్తి ఎలిగించనీ."

"ప్రభువు కాడుందని నీకెవులు సెప్పినారు? ఠాణావోళ్లా?"

జయకుమారి నోటీసు తెచ్చి ఆ జాబితా మీద పెట్టింది. విషయమంతా చెప్పింది. పన్నెండో తారీకున కోర్టుకొచ్చి, ప్రకటనల పుస్తకంలో రాసింది అబద్ధమని చెప్పమంది.

"నాను రాను."

"ఎందుకు రావు?"

"నలభై ఏళ్లు సంఘ పెద్దగా ఉన్నాను. నా మాట మీద ఎన్ని పెళ్లిల్లు జరిగినాయి, ఎన్ని తగువులు తీరినాయి." అక్కడిదాకా గట్టిగానే అన్నాడు. తర్వాత గొంతు దిగిపోయింది. "ఆ మూడ్రోజులూ నానే తినీసినానని జడ్జీ ముందర సెప్పమంటావా? నాకు తెలీదనుకుంటన్నావా అమ్మీ? రోజూ తెలుసు."

తొమ్మిదేళ్లలో ఆయన ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఇంకెవరైనా అయితే అక్కడితో ఊరుకుని ఆయన వీపు నిమిరేవారు. ఆమెకీ చెయ్యి లేచింది. లేచిన చేత్తోనే నోటీసు తీసుకుని మడిచింది.

"నీకు తెలిత్తే సాలదు నాన్నా. ఆళ్లకి తెలియాల. ఆ పేరు కొట్టీ."

"కొట్టను."

"నువ్వు సదివితే నాను లేత్తాను."

"లేసి ఏటి సేత్తావు?"

"అది ఆరోజే సూడు."

నవంబరు రెండు, ఆదివారం. బల్ల మీద ఇసుక పోసిన పళ్లెం, పక్కన ఒక్కో కుటుంబానికి ఒక్కో కొవ్వొత్తి. కృపాదానం తెల్లచొక్కాతో పుల్పిట్ ఎక్కాడు. ట్రక్కుల కార్ఖానాలో యంత్రాల రొదని మించి మనుషులకి వినపడేలా మాట్లాడి మాట్లాడి స్థిరపడ్డ గొంతు అది. మైకు అక్కర్లేదు. ఒక్కో పేరు చదువుతున్నాడు, ఆ ఇంటివాళ్లు వచ్చి కొవ్వొత్తి వెలిగించి ఇసుకలో గుచ్చి వెళ్తున్నారు. పది పేర్లయ్యాయి.

"కుమారి సుకీర్తి."

జయకుమారి లేచింది. నడుచుకుంటూ వెళ్లి బల్ల ముందు నిలబడింది. అగ్గిపెట్టె అందించబోయిన పాస్టరుగారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అభ్యంతరం ఉంది," అంది.

పాస్టరుగారు తేరుకుని, "అమ్మా, ఇది పెళ్లి ప్రకటన కాదు కదా," అన్నాడు నసుగుతూ.

"తెలుసండి. పెళ్లి ప్రకటననాడే సెప్పాల్సింది. ఆరోజు నోరు పెగల్నేదు. అందుకే ఇయాల సెప్తన్నాను."

హార్మోనియం దగ్గర కూర్చున్న పెద్దావిడ పరిస్థితి చక్కదిద్దుదామని ఒక కీర్తన ఎత్తుకోబోయింది. "పాట తరవాత పాడుకుందాం ఆంటీ, రెండు నిముసాలు," అంది జయకుమారి, క్లాసులో పిల్లల్ని కూర్చోబెట్టినట్టే. ఆవిడ వేళ్లు హార్మోనియం మెట్ల మీదే ఆగిపోయాయి.

అప్పుడు చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. మూడో ప్రకటన చదివిన పూట సుకీర్తి పలాసలో లేదని చెప్పింది. అప్పటికి మూడు రోజులుగా ఇంట్లో లేదని, ఆ సంగతి చదివినాయనకీ తెలుసు, బెంచీలో కూర్చున్న తనకీ తెలుసని చెప్పింది. "మీలో ఎవులికీ తెలీదు. అందుకే మీమీద నాకు కోపం నేదు. కానీ తొమ్మిదేళ్లు మా చెల్లి గురించి ఎనకాల ఏటేటి అనుకున్నారో నాకు తెలుసు. ఎవడితోనో లేసిపోనాదన్నారు. ఆ మాట మీరు పుట్టించినేదు. మా ఇంట్లో పుట్టింది, ఈ పుస్తకంలో రాసినాం, పోలీసోళ్లు సూసి రాసుకున్నారు. అది సచ్చిపోనాదో బతికుందో నాకు తెలీదు. తెలిసినోళ్లు ఎవులైనా ఉంటే ఇప్పుడే సెప్పండి, నానే కొవ్వొత్తి ఎలిగిత్తాను."

మూడు లెక్కపెట్టేంతసేపు ఆగింది. సుకీర్తి పేరున పెట్టిన కొవ్వొత్తి తీసి సంచిలో వేసుకుంది.

"కరెంటు పోయినప్పుడు పనికొత్తాది," అని తన బెంచీకి వెళ్లి కూర్చుంది.

కృపాదానం పుల్పిట్ మీదే నిలబడి ఉన్నాడు. చాలాసేపటికి పన్నెండో పేరు చదివాడు. వెనక బెంచీలకి వినపడలేదు.

ఆరాధన అయ్యాక ఆమెని పలకరించినవాళ్లు లేరు. కొందరు పెద్దలు కృపాదానం చుట్టూ చేరి, ఆయన పరువు ఇలా బజారున పెట్టాలా అని ఆమెకి వినపడేలా అనుకున్నారు. జయకుమారి గేటు వైపు నడిచింది. అగస్టిన్ మోటారుసైకిలు దగ్గర నిలబడి ఉన్నాడు. అతనికి ఇప్పుడు పెళ్లయి ఇద్దరు పిల్లలు. వాళ్లని కొంచెం ఆగమని చెప్పి ఎదురొచ్చాడు.

"ఆ శుక్రవారం నాకు బీ షిఫ్టక్కా. మీరు నిజం సెప్పుంటే డ్యూటీ మానేసి గమ్హరియా ఎల్లిపోదును. ఆమె టెంపో ఎక్కే మలుపుకాడ ఏటీఎం లైన్లో మా సిన్నాన్న కొడుకు రెండ్రోజులు నిలబడ్డాడు. ఆడికి సుకీర్తిని తెలుసు. ఇప్పుడడిగితే ఆడికేటి గుర్తుంటాది."

జయకుమారికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. "తిట్టు అగస్టిన్. తిట్టు, పడతాను," అంది.

"మిమ్మల్నేటి తిడతాను. తొమ్మిదేళ్లు ఆమెనే తిట్టుకున్నాను." అతని కళ్లు ఎర్రబడ్డాయి. "నన్నొద్దనుకుని ఎవడితోనో పోనాదని. మా యావిడితో కూడా అదే సెప్పినాను. అది కాదని ఇయాల తెలిసింది. నన్ను కోర్టుకి రమ్మంటే వత్తాను."

వెనక మెట్ల మీద కృపాదానం చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. చుట్టూ ఉన్న పెద్దలు ఇంకా ఏదో ఓదారుస్తూనే ఉన్నారు. ఆయన వాళ్లని వినడం లేదు. అగస్టిన్ వైపే చూస్తున్నాడు. కూతురి పరువు కాపాడదామని ఆడిన అబద్ధం ఆ పిల్లకి మిగిల్చింది ఇదీ అని ఆ ముసలాయనకి ఆ క్షణాన అర్థమయిందో, ఎప్పుడో అర్థమయి ఇప్పుడు చెవిన పడిందో చెప్పలేం. ఇంటికి వెళ్లాక అన్నం ముట్టలేదు. పది రోజులపాటు తండ్రీ కూతుళ్ల మధ్య ఉప్పందించు, తలుపు వేసుకో అన్నవి తప్ప మాటల్లేవు.

పన్నెండో తారీకు పొద్దున్న జయకుమారి బడికి సెలవు పెట్టి బయల్దేరింది. కృపాదానం వరండాలో బూట్లకి పాలిష్ చేసుకుంటున్నాడు. వస్తావా అని అడగలేదు. బతిమాలే పని అయిపోయిందని ఆమె పంతం. ఆయన తలెత్తలేదు.

కోర్టు గది సంతలా ఉంది. రెండు గంటలు నిలబడ్డాక పేరు పిలిచారు. మేజిస్ట్రేటు నడివయసు మనిషి, ముందు ఫైళ్ల గుట్ట. పేజీలు తిప్పుతూనే, ఫిర్యాదీ ఉన్నారా, "కోయీ ఆపత్తి హై?" అని అడిగాడు. ఏమైనా అభ్యంతరమా అని.

"హై," అంది జయకుమారి. ఆ గదిలో అంత గట్టిగా ఎవరూ మాట్లాడరు కాబోలు, గుమాస్తా తలెత్తి చూశాడు.

అనిత లేచి తాను చెప్పాల్సింది చెప్పింది. వెనక బెంచీలో అగస్టిన్ కూడా ఉన్నాడు. మేజిస్ట్రేటు విని, నాలుగో పేజీ దగ్గర ఆగాడు. అమ్మాయి పలాసలో ఉందని రాసింది తండ్రి, మీరేమో లేదంటున్నారు, ఆ తండ్రి ఏడని అడిగాడు. అనిత జయకుమారి వైపు చూసింది.

"ఇచ్చట ఉన్నాను."

తెలుగులో వినపడిందది, గుమ్మం దగ్గరనుంచి. మైకు అక్కర్లేని గొంతు. జనం తప్పుకున్నారు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు, చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన లావుపాటి పుస్తకం. చర్చి బీరువా తాళం ఆయన దగ్గరే ఉంటుంది. ఒక్కడే రెండు టెంపోలు మారి వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

పుస్తకం తెరిచి మేజిస్ట్రేటు బల్ల మీద పెట్టాడు. పెట్టి, పుల్పిట్ మీద నిలబడినట్టు నిటారుగా నిలబడ్డాడు. "ఇరవయ్యవ తారీకున ఈ పుటలో నేను వ్రాసినది అబద్ధము. నా కుమార్తె పలాసకు వెళ్లలేదు. గురువారమునుండి ఆమె మా ఇంట లేదు. అది నాకు తెలిసియుండియు ఇట్లు వ్రాసితిని."

హిందీలో చెప్పమన్నాడు మేజిస్ట్రేటు. నలభై ఏళ్లు కార్ఖానాలో హిందీలోనే బతికిన మనిషి నోరు తెరిచాడు, హిందీ రాలేదు. ఆయన పెద్దరికమంతా ఆ చర్చి తెలుగులోనే ఉంది. దాన్ని దించి పెట్టాలన్నా ఆ భాషలోనే దించగలడు. అనిత ఒక్కో వాక్యమే హిందీలోకి మార్చి చెప్పింది. ఎన్నడూ తెలుగు మాట్లాడని పిల్ల ఒక్క మాట పోనివ్వలేదు.

ఇలా ఒప్పుకుంటే మీమీద కేసు కావచ్చు, తెలుసా అన్నాడు మేజిస్ట్రేటు.

అది అనిత మార్చి చెప్పకముందే ఆయనకి అర్థమయింది. "తెలుసు," అన్నాడు. ఈసారి ఇంటి భాషలోకి వచ్చేశాడు. "పెట్టమనమ్మా. నా మీద పెట్టి, నా కూతుర్ని ఎతకమను."

మధ్యాహ్నం మూడింటికి ఆర్డరు వచ్చింది. ఒక్క కాయితం. పోలీసుల రిపోర్టు ఒప్పుకోవడం లేదు, గురువారం సాయంత్రంనుంచి మొదలుపెట్టి మళ్లీ విచారించాలి. దీనికే సంబరపడిపోవడానికి జయకుమారి చిన్నపిల్ల కాదు. ఆ ఏటీఎం ముందు వరస మళ్లీ కట్టదు. కెమెరా బొమ్మలు ఎప్పుడో చెరిగిపోయాయి. సుకీర్తి ఎక్కడుందో ఈ కాయితానికీ తెలీదు. కానీ తొమ్మిదేళ్లకి మొదటిసారి ఫైల్లో సుకీర్తి గురువారంనాడు తప్పిపోయింది. ఎవడితోనో పోలేదు. డ్యూటీ దిగి ఇంటికొస్తూ తప్పిపోయింది. జయకుమారి ఎర్ర పెన్ను తీసి, రిపోర్టు నకల్లో నాలుగో పేజీని ఈ మూలనుంచి ఆ మూలకి కొట్టేసింది.

కోర్టు మెట్లు దిగుతుంటే కృపాదానం కర్ర ఒక చేత్తో, కూతురి భుజం ఒక చేత్తో పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు, ఏడుపు దాచుకోవడం లేదు. ఆమె కూడా. కింద అగస్టిన్ ఆటో మాట్లాడుతున్నాడు.

"రేపు సంఘం నన్ను పెద్దరికంలోంచి తీసేత్తాది," అన్నాడు.

"తియ్యనీ."

రెండు మెట్లు దిగాక మళ్లీ ఆగాడు. "వచ్చే అక్టోబరుకి సుకీర్తికి ఎన్నేళ్లు?"

"ముప్పై నాలుగు."

"అప్పటిదాకా ఉంటే నానూ లేత్తాను. నువ్వు చెయ్యట్టుకో." ఆయాసం తీరేదాకా ఆగి, కళ్లు తుడుచుకుని అన్నాడు. "పేరు మాత్రం నానే సెప్తాను. ఆ పాస్టరుగారికి గొంతు సాలదు."